పరీక్షకు ముందటి రాత్రి

గత మార్చి నెలలో, పదవ తరగతి పరీక్షలకు ఇంక రెండు దినములు మాత్రమే యున్నవనగా, వీర్నపల్లి నుండి వచ్చి మాయొద్ద చదువుకొను నొక బాలిక, సాయంకాలము గంట కొట్టిన పిదప కూడ ఇంటికి పోక, వరండాలో నిలిచియుండెను. ఏమని యడుగగా, "సారూ, పుస్తకం మూస్తే అంతా మరిచిపోయినట్లయితున్నది. కండ్లు మూస్తే నిద్ర వస్తలేదు. నిద్ర లేకుంటే పరీక్ష ఎట్ల రాయాలె?" అని కన్నీరు పెట్టుకొనెను.

నేను ఉపాధ్యాయులందరు చెప్పునదే చెప్పితిని: భయపడకుమంటిని. చలిజ్వరముతో వణకువానిని వణకవలదని కోరుట యెంత ఉపకారమో, నా మాటయు నంతయే యని ఆ రాత్రి నాకు తోచినది. ఆమె యడిగినది ధైర్యవచనము కాదు. నిద్ర లేకున్న పరీక్ష పోవునా, పోదా యని. దానికి తిన్నని సమాధానము చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా యభిప్రాయ మిది: ఒక్క రాత్రి నిద్ర చెడినంత మాత్రమున పరీక్ష చెడదు. నెల దినములు నిద్రను దొంగిలించినచో మాత్రము తప్పక చెడును. మన యిండ్లలోను బడులలోను ఈ రెంటిని తారుమారు చేసికొని, నెలయంతయు పిల్లలను మేలుకొలిపి, కడపటి రాత్రి మాత్రము "ఈ దినమైనను తొందరగా నిద్రపొమ్ము" అని గద్దింతుము. నిద్ర ఆజ్ఞకు లోబడునది కాదు. రమ్మని పిలిచినకొలది దూరముగా పోవును.

పూర్వము కొందరు పిలకను దూలమునకు త్రాటితో కట్టుకొని, కునుకు వచ్చినపుడు త్రాడు లాగి లేపునట్లు చదివిరని పెద్దలు గొప్పగా చెప్పుదురు. ఆ మహనీయుల మార్కుల పట్టికను మాత్రము నేనింతవరకు చూడలేదు. నిద్ర చదువునకు విరోధియను నమ్మకమే ఈ కథకు మూలము. సత్యము దీనికి విపరీతముగా నున్నది. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్స్, డాలెన్‌బాక్ అను పండితులు ఇద్దరు విద్యార్థులచేత అర్థము లేని అక్షరకూటములను పదేసి చొప్పున కంఠస్థము చేయించిరి. చదివిన పిదప ఎనిమిది గంటలు మేల్కొనియున్నపుడు పదింటిలో ఇంచుమించు ఒకటి మాత్రమే జ్ఞాపకమున నిలిచెను. చదివిన వెంటనే నిద్రించి లేచినపుడు సగమునకు మించి నిలిచెను. పరీక్షింపబడినవారు ఇద్దరే యైనను, ఆ తరువాత జరిగిన పెక్కు పరిశోధనలు ఆ మాటనే బలపరచినవి. పగలు చదివినది రాత్రి నిద్రలో స్థిరపడును. కావున రాత్రి రెండు గంటలవరకు మేల్కొని చదువు బాలుడు ఒక చేత విత్తుచు, రెండవ చేత మొలకను పెరుకుచున్నాడనవలెను.

పదుమూడు మొదలు పదునెనిమిది యేండ్ల వయసువారికి దినమునకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర వలయునని వైద్యులు చెప్పుచున్నారు. మన పిల్లలకు అంత దొరకునా? సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు నడుమనే పసిబిడ్డలు ఉయ్యాలలో హాయిగా నిద్రపోవుట అందరెరిగినదే. అలవాటైన చప్పుడు నిద్రకు అంతగా అడ్డు కాదు. అడ్డు వచ్చునవి వేరు. తల్లి బీడీలు చుట్టుచు దీపము వెలిగించుకొని కూర్చుండును. ఆ వెలుతురులోనే బిడ్డ చదువును, ఆ వెలుతురులోనే పండుకొనును. తండ్రి దుబాయిలో పని ముగించి, అన్నము తిని, అక్కడి తొమ్మిదిన్నరకు ఫోను చేయును. ఇక్కడ అప్పటికి పదునొకండు గంటలు. "మంచిగ చదువుతున్నవా? నీ కోసమే ఇక్కడ కష్టపడుతున్న" అని ప్రేమతోనే యనును. ఆ ప్రేమ ఆ గడియలో బిడ్డ గుండెపై బండయై కూర్చుండును. పరదేశమున నున్న తండ్రులకు నా ప్రార్థన యేమనగా, పరీక్షల దినములలో ఈ మాటలు ఉదయమున మాటలాడుడు. రాత్రి ఫోనులో మేక యీనినదా, వాన పడినదా యని మాత్రమే అడుగుడు.

నిద్ర రాకుండుటకై రాత్రి తేనీరు త్రాగు వాడుక మరియొక చిక్కు. అందులోని కెఫీన్ అను పదార్థము ఐదారు గంటలు గడచినను సగము వరకు ఒంటిలోనే యుండును. పది గంటలకు చదువుకై త్రాగిన తేనీరు, ఒంటిగంటకు పండుకొనిన పిదప కూడ తన పని తాను చేయుచునే యుండును. సాయంకాలము దాటిన పిదప దానిని మానుటయే మేలు.

అన్నియు చేసినను ఆ కడపటి రాత్రి నిద్ర రాకపోవచ్చును. అపుడేమి చేయవలెను? పక్కపై పొరలుచు గంటలు లెక్కపెట్టకుము. కొంతసేపటికిని కన్ను మూతపడకున్న లేచి వేరొకచోట కూర్చుండి, నిద్ర తూగినపుడే మరల పండుకొనవలెనని 1972లో రిచర్డ్ బూట్జిన్ అను మానసశాస్త్రజ్ఞుడు బోధించెను; నేటికిని వైద్యులు దీనినే చెప్పుచున్నారు. వేరు గది మన యిండ్లలో ఎక్కడిదందురా? గడపయొద్ద కూర్చుండినను చాలును. ఫోను మాత్రము చేతికి తీసికొనరాదు. అప్పటికిని రాకున్న, కన్నులు మూసి ఊరక పండుకొనుడు. దేహమునకు కొంత విశ్రాంతి దొరకును, మరునాటి ఉదయము పరీక్ష మూడు గంటలు వ్రాయుటకు కావలసిన బలము మీకుండును. గుండె కొట్టుకొనుట, చేతులు చెమర్చుట ఇవియు కీడునకు గురుతులు కావు. కొంత కలవరము లేనివాడు పుస్తకమే తెరవడు గదా.

2011లో షికాగోలో రమిరెజ్, బైలాక్ అనువారు చేసిన యొక ప్రయోగమును మా పెద్దలకు మనవి చేయుచున్నాను. పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయములను తెల్లకాగితముపై వ్రాసికొనిన విద్యార్థులలో, మిక్కిలి భయపడువారే ఎక్కువ మేలు పొందిరి. కాగితము వెల యెంత? ఈ యేడు మన నమూనా పరీక్షలకు ముందు దీనిని చేసి చూతము. ఆ కాగితములను ఎవరును చదువరాదు, చింపివేయవలెను.

ఇంత వ్రాసినను అసలు భయము నిద్రలో లేదు, ఫలితములో నున్నది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప మన రాష్ట్రమున ఇరువదిమందికి పైగా బిడ్డలను పోగొట్టుకొంటిమి. ఆ ఫలితములలోనే, తెలుగులో సున్న వచ్చినదని ప్రకటింపబడిన యొక బాలికకు, మరల దిద్ది చూడగా 99 మార్కులు వచ్చినవి. అచ్చుపడిన కాగితము కూడ తప్పు చెప్పగలదు. నిజముగా తప్పినవారికైనను పదవ తరగతిలో కొద్ది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష గలదు. అందులో గెలిచి ఆ సంవత్సరమే కళాశాలలో చేరవచ్చును. ఈ సంగతిని తల్లిదండ్రులు ఫలితములు వచ్చిన పిదప కాక, పరీక్షకు ముందే బిడ్డ చెవిన వేయవలెను. పలు దినములుగా నిద్రయు ఆకలియు లేక, బ్రతుకుపై విసుగు మాటలాడు బిడ్డను ఒంటరిగా విడువక, 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్ వారు రాత్రింబగళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు. అడుగుటలో సిగ్గేమియు లేదు.

ఆ బాలికకు ఎన్ని మార్కులు వచ్చినవని చదువరులు అడుగుదురు. నేను చెప్పను. మొదటి పరీక్ష నాటి రాత్రి మూడు గంటలైనను నిద్రపోలేదనియు, అయినను వ్రాసితిననియు ఆమె చెప్పెను. కడపటి పరీక్ష ముగిసిన దినమున బస్సులో కూర్చుండిన వెంటనే నిద్రపోయి, తన యూరు దాటిపోయిన పిదప మేల్కొనెనట. ఆ రాత్రి తండ్రి దుబాయి నుండి ఫోను చేసినపుడు మొదట చెప్పిన సంగతి అదియేనట.