పడవలో లేనివాళ్ళ సాక్ష్యం

2024 జులైలో మన బంధువుల వాట్సాప్ గ్రూపులన్నీ ఒకే ఫోటోతో నిండిపోయినాయి, గుర్తుంది కదా? ఉషా చిలుకూరి ఫోటో. ఆమె భర్త జె.డి. వాన్స్‌ను అమెరికాలో రిపబ్లికన్లు ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టినారు. పశ్చిమ గోదావరిలో వడ్లూరు ఎక్కడుందో అంతవరకు తెలియని హోసూరు, కోయంబత్తూరు వాళ్ళు కూడా మ్యాపు తీసి వెతికినారు. మన అమ్మాయి అన్న సంతోషం ఎవరికైనా ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ సంబరం నడుస్తూ ఉండగానే, ఆగస్టు 7న, ఆ అల్లుడుగారు మిషిగన్‌లో ఒక మాట అన్నాడు. దాన్ని మాత్రం మన గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేసినట్టు లేదు.

డెమొక్రాట్ల తరఫున ఉపాధ్యక్ష పదవికి నిలబడిన టిమ్ వాల్జ్ 24 ఏళ్ళు నేషనల్ గార్డ్‌లో పనిచేసినవాడు. నేషనల్ గార్డ్ అంటే మన హోంగార్డు కాదు. మామూలు రోజుల్లో సొంత ఉద్యోగం చేసుకుంటూ, పిలుపు వస్తే యుద్ధానికి పోవలసిన సైన్యం. దేశం ఇరాక్‌కు పిలిస్తే తాను పోయినాననీ, వాల్జ్ మాత్రం తన పటాలాన్ని వదిలేసి జారుకున్నాడనీ వాన్స్ అన్నాడు. 24 ఏళ్ళ సర్వీసు ఒక్క పూటలో పిరికితనం అయిపోయింది.

పటాలానికి పోయినవాళ్ళు మన కుటుంబాల్లో తక్కువేం కాదు. అందుకే ఈ సంగతి మన పేజీలో రాయదగ్గదే అనుకుంటున్నా. పైగా ఈ విద్య 2024లో పుట్టింది కాదు. దీనికి అసలు బడి 2004లో జాన్ కెర్రీ మీద నడిచింది. అది తెలిస్తే ఇది తెలిసినట్టే.

కెర్రీ కలిగిన ఇంటి బిడ్డ. 1966లో యేల్ యూనివర్సిటీలో చదువు ముగించి నావికాదళంలో చేరినాడు. అప్పుడు అమెరికాలో నిర్బంధ సైనిక సేవ ఉండేది. చదువు పేరు చెప్పి, డాక్టరు చీటీ చూపించి తప్పించుకునే దారులూ ఉండేవి. డిక్ చెనీ ఐదుసార్లు వాయిదా తెచ్చుకున్నాడు. జార్జ్ బుష్ టెక్సాస్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో చేరి స్వదేశంలోనే విమానాలు నడిపినాడు. కెర్రీ 1968 చివర వియత్నాం పోయి, మెకాంగ్ డెల్టా కాలువల్లో స్విఫ్ట్ బోట్ అనే చిన్న గస్తీ పడవకు అధికారిగా తిరిగినాడు. రెండు వైపులా పొదలు, ఏ పొదలో ఎవరున్నారో తెలియదు. నాలుగు నెలల్లో ఒక సిల్వర్ స్టార్, ఒక బ్రాంజ్ స్టార్, గాయపడినవాళ్ళకు ఇచ్చే పర్పుల్ హార్ట్ మూడుసార్లు. మూడు గాయాలైతే ముందుగా ఇంటికి పోవచ్చు అన్న నియమం ఉండేది. ఆయన దాన్ని వాడుకున్నాడు. గాయాలు పెద్దవి కావనే మాట ఉంది. నిజమే కావచ్చు, కానీ ఆ కాలువల్లో తూటా పెద్దగా తగలాలా చిన్నగా తగలాలా అని ఎవరూ ఎంచుకోలేరు కదా.

తిరిగొచ్చి ఊరుకోలేదు. 1971 ఏప్రిల్ 22న సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ముందు కూర్చొని, ఈ యుద్ధం తప్పు అన్నాడు. అమెరికన్ సైనికులు అక్కడ చేసిన ఘోరాలను, తోటి సైనికులు చెప్పగా విన్నవాటిని, దేశమంతా వినేటట్టు చెప్పినాడు. వియత్నాంలో మర్యాదగా పనిచేసి వచ్చిన చాలామందికి అది గుండెల్లో గునపం. మమ్మల్నందర్నీ హంతకుల్ని చేసినాడే అనుకున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ కోపాన్ని కోపంగానే చెప్పి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

2004 జులై 29న బోస్టన్ మహాసభలో కెర్రీ వేదిక ఎక్కి, సెల్యూట్ కొట్టి, డ్యూటీకి హాజరవుతున్నాను అన్నాడు. వారం తిరిగేలోగా, ఆగస్టు 5న, మొదటి టీవీ ప్రకటన వచ్చింది. మూడే మూడు రాష్ట్రాల్లో: ఒహాయో, వెస్ట్ వర్జీనియా, విస్కాన్సిన్. స్విఫ్ట్ బోట్ మాజీ సైనికుల సంఘం ఒకటి దాని వెనక ఉంది. ఒక్కొక్కరే తెర మీదికి వచ్చి, నేను కెర్రీతో పనిచేసినాను, అతను అబద్ధాలు చెప్పినాడు, పతకాలు న్యాయంగా వచ్చినవి కావు అన్నారు. కొన్న ప్రసార సమయం కొంచెమే. కానీ వార్తా చానళ్ళు దాన్నే ఉచితంగా రోజంతా తిప్పినాయి.

ఇక్కడ ఆ "కెర్రీతో" అన్న మాట పట్టుకోండి. ఆ ప్రకటనలో మాట్లాడినవాళ్ళు కెర్రీ పడవలో ఉన్నవాళ్ళు కారు. పక్క పడవల్లో, అదే దళంలో, వేరే నెలల్లో ఉన్నవాళ్ళు. ఆయన పడవల్లో కలిసి పనిచేసినవాళ్ళలో బతికున్నవాళ్ళు, ఒక్కరు తప్ప, ఆయన పక్షాన నిలబడినారు. 1969 మార్చి 13న నీళ్ళలో పడిపోతే కెర్రీ చేయి పట్టి పైకి లాగిన జిమ్ రాస్‌మన్ రిపబ్లికన్. అయినా వచ్చి ఆయన కోసం మాట్లాడినాడు.

ఆ మార్చి 13నాటి సంగతి దగ్గరే ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ముడి ఉంది. ల్యారీ థర్లో అనే మరో పడవ అధికారి, ఆ రోజు శత్రువు కాల్పులే లేవు, కెర్రీ కల్పించినాడు అన్నాడు. అదే రోజు, అదే చోట చేసిన పనికి థర్లోకు కూడా బ్రాంజ్ స్టార్ వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆయన ప్రశంసాపత్రాన్ని సర్కారు దస్తరాల నుంచి బయటికి తీస్తే, అందులో శత్రువు తుపాకులు మోగుతుండగా అని స్పష్టంగా ఉంది! కెర్రీ రాసిన రిపోర్టును బట్టే నా కాగితం కూడా అట్లా రాసి ఉంటారు అని ఆయన సర్దుకున్నాడు. అంటే ఏమైంది? పక్కవాడి పతకాన్ని పెకలించబోయి తన పతకాన్నీ పెకలించుకోవలసి వచ్చింది. ఒకే కాలువలో, ఒకే పొగలో ఉన్నవాళ్ళ కాగితాలు ఒకదానితో ఒకటి కుట్టి ఉంటాయి. ఒక పేజీ చింపితే కుట్టు మొత్తం ఊడుతుంది.

జార్జ్ ఎలియట్ సంగతి ఇంకా విచిత్రం. వియత్నాంలో కెర్రీ పై అధికారి. 1969లో కెర్రీ పనిని మెచ్చుకుంటూ రాసినాడు. 1996లో సెనేట్ ఎన్నికప్పుడు ఎవరో ఆ సిల్వర్ స్టార్‌ను శంకిస్తే, బోస్టన్‌కు వచ్చి మరీ కెర్రీని సమర్థించినాడు. 2004కల్లా అవతలి పక్షాన సంతకం పెట్టినాడు. 35 ఏళ్ళలో మనిషి మనసు మారవచ్చు. మారిన మనసు 1969లో జరిగినదాన్ని మార్చగలదా?

ఆ సిల్వర్ స్టార్ రోజున, 1969 ఫిబ్రవరి 28న, మూడు పడవలు వెళ్ళినాయి. ముగ్గురు అధికారుల్లో ఒకతను రెండు నెలలు తిరక్కుండానే యుద్ధంలో పోయినాడు. కెర్రీ కాక మిగిలింది విలియం రూడ్. షికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఎడిటర్. 35 ఏళ్ళు ఆ రోజు గురించి బయట ఎక్కడా నోరు విప్పలేదు. 2004 ఆగస్టులో, ఈ అబద్ధాలు తక్కినవాళ్ళ సేవకు కూడా మచ్చ తెస్తున్నాయని, తన పత్రికలోనే తాను చూసింది రాసినాడు. ఎన్నిక గురించి మళ్ళీ మాట్లాడలేదు. ఈ మొత్తం గొడవలో నాకు నచ్చిన మనిషి ఆయనే.

కెర్రీ వైపు తప్పులు లేవా? ఉన్నాయి. 1968 క్రిస్మస్‌కు కంబోడియా లోపల ఉన్నానని ఆయన ఏళ్ళ తరబడి చెప్పినాడు. ప్రశ్న వచ్చేసరికి ఆయన మనుషులే ఆ మాటను సరిదిద్దుకోవలసి వచ్చింది. మొదటి ప్రకటన వచ్చినాక రెండు వారాలదాకా తాను నోరు తెరవలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, సర్వీసు కాగితాలు పూర్తిగా విడుదల చెయ్యకుండా పెట్టెలో పెట్టుకోవడం. 2005లో వాటిని బోస్టన్ గ్లోబ్‌కు చూపిస్తే, అందులో ఉన్నది చాలావరకు ప్రశంసలే. అదనంగా తేలిందల్లా, యేల్‌లో ఆయన మార్కులు బుష్ మార్కులకంటే ఏమంత గొప్పవి కావని. దీనికోసమా దాచిపెట్టింది!

అవతల బుష్ మీద కూడా అదే ఆట ఆడబోయినారు. గార్డ్‌లో ఆయన హాజరు సక్రమంగా లేదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ 2004 సెప్టెంబరులో సీబీఎస్ టీవీ చూపించిన కాగితాలు అసలువని రుజువు చెయ్యలేకపోయినారు. కాగితం కూలితే ప్రశ్న కూడా కూలింది. నవంబరులో ఒహాయోను బుష్ సుమారు 1,18,000 ఓట్లతో గెలిచి మళ్ళీ అధ్యక్షుడైనాడు. ఆ ప్రకటనల వల్లే కెర్రీ ఓడినాడని నేను అనను. ఎన్నికల్లో ఒక్క కారణం అంటూ ఉండదు. 2006లో ఆ సంఘం ఎన్నికల నిధుల చట్టాన్ని ఉల్లంఘించినందుకు 2,99,500 డాలర్లు కట్టింది. అప్పటికి ఓట్లు లెక్కపెట్టి రెండేళ్ళు దాటింది.

మన బ్లాగులో పాత కాగితాల గురించి చాలాసార్లు రాసుకున్నాం. మా ఇంట్లో మిలిట్రీ తాత ఒకాయన మద్రాస్ శాపర్స్‌లో బర్మా పోయివచ్చినాడు. ఆయన డిశ్చార్జి బుక్కు ట్రంకు పెట్టెలో ఉంది. నంబరు, చేరిన తేదీ, విడిచిన తేదీ, ప్రవర్తన ఎట్లాంటిదో ఒక్క ముక్క. ఆయన వంతెన కట్టిన కథ ఇంట్లో ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఆ పెరిగిన భాగాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే నేను పోట్లాడను. అసలు పోనేలేదు అంటే మాత్రం ఆ బుక్కు తీసి చూపిస్తా. గొప్పలను ప్రశ్నించడం వేరు, సేవనే కాదనడం వేరు.

వాల్జ్ విషయానికి ఈ గీతే వర్తిస్తుంది. 2018లో తుపాకుల చట్టం గురించి మాట్లాడుతూ, తాను యుద్ధంలో మోసిన ఆయుధాలు అన్నాడు. ఆయన యుద్ధరంగంలో లేడు, 2003లో పంపింది ఇటలీకి. ఆ మాట తప్పు, దాన్ని నిలదియ్యడం న్యాయం. జారుకున్నాడు అన్నది మాత్రం తేదీల ముందు నిలబడదు. 2005 ఫిబ్రవరిలో కాంగ్రెస్ పోటీకి కాగితాలు పెట్టినాడు. రెండేళ్ళలో కొందరికి పిలుపు రావచ్చని మార్చిలో ప్రకటన వచ్చింది. మేలో రిటైరైనాడు. పటాలానికి సిద్ధంకండి అన్న ఆదేశం వచ్చింది జులైలో. ఆయన ఆగి ఉండాల్సింది అని తోటి సైనికులు కొందరు బాధపడితే ఆ బాధకు విలువ ఉంది. పారిపోవడం అనే మాటకు లేదు.

ఇంకొక సంగతి. 2004లో ఆ స్విఫ్ట్ బోట్ సంఘానికి ప్రచార సలహాదారుగా ఉన్న క్రిస్ లాసివిటా, 2024లో ట్రంప్-వాన్స్ ప్రచారం నడిపిన ఇద్దరిలో ఒకడు. ఆయన కూడా మాజీ మెరైన్. 1991 గల్ఫ్ యుద్ధంలో గాయపడి పర్పుల్ హార్ట్ తెచ్చుకున్నాడు. 2004 రిపబ్లికన్ మహాసభలో కొందరు ప్రతినిధులు కెర్రీ గాయాలను ఎగతాళి చేస్తూ, ఊదారంగు హృదయం బొమ్మ వేసిన బ్యాండ్ ఎయిడ్లు చెంపలకు అంటించుకొని తిరిగినారు. ఆయనకు ఇచ్చిన పతకం మీద ఉన్నదీ అదే రంగు.