క్లినిక్కు ఫోటోలు తీయించే ముందు

మన సభ్యులలో కొత్తగా సొంత ప్రాక్టీసు పెట్టుకున్నవారు ఈ మధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "ప్రకటనలకు ఫోటోలు కావాలి, ఫోటోగ్రాఫరును పిలిచే ముందు ఏమేమి చూసుకోవాలి?" అని. జ్వరాలనూ రక్తపోటునూ పక్కనపెట్టి ఈ నెల ఆ సంగతి ముచ్చటిద్దాం.

వైద్యులు ప్రకటనలు ఇచ్చుకోవడం అమెరికాలో ఒకప్పుడు తప్పు కింద లెక్క. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పెట్టిన ఆ ఆంక్షలు చెల్లవని 1979లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 1982లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెరిసగంగా విడిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. నేడు రోగి మన గుమ్మం తొక్కే ముందే వెబ్‌సైటులో మన ముఖం చూసి వస్తున్నాడు. కనుక ఫోటో అవసరమే.

ముందుగా ఒక జాబితా రాసుకోండి. వీధిలోంచి కనిపించే బోర్డు, తలుపు, చక్రాల కుర్చీ వచ్చే దారి, రిసెప్షన్, పరీక్ష గది, సిబ్బంది, డాక్టరు. కొత్తగా వచ్చే పెద్దావిడకు దారి తెలియాలి, లోపల ఎవరుంటారో తెలియాలి. ఇంతకు మించి హంగులక్కర్లేదు. ప్రతి దృశ్యాన్నీ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి తీయించండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలంటారు. అంటే 4 అంగుళాలకు 6 అంగుళాల బొమ్మకు 1200కు 1800 చుక్కలు కావాలి.

ఇక అసలు సంగతి రోగుల విషయం. "నిజమైన రోగిని కూర్చోబెడితే బొమ్మకు కళ వస్తుంది" అని ఫోటోగ్రాఫరు అంటాడు. ఆ మాట వినకండి. 2003 నుంచి అమలులో ఉన్న హిపా నిబంధనల ప్రకారం ముఖం పూర్తిగా కనిపించే ఫోటో రోగిని గుర్తుపట్టించే వివరమే. ప్రకటనకు వాడాలంటే ముందుగా రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. ఇద్దరు రోగులను అనుమతి లేకుండా టెలివిజన్ వారిని చిత్రీకరించనిచ్చినందుకు న్యూయార్కులో ఒక ఆసుపత్రి 2016లో 22 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది.

సంతకం దొరికితే సరిపోతుందా అంటే, మాకు తృప్తి లేదు. మన పెద్దవాళ్ళు డాక్టరుగారు అడిగితే కాదనలేరు. "అలాగే నాయనా" అని సంతకం పెట్టేస్తారు. తర్వాత ఆ కరపత్రం గుడిలో నలుగురి చేతుల్లో తిరుగుతుంది. "ఆవిడకేమి జబ్బుట?" అని ఆరా మొదలవుతుంది. క్లినిక్కు మానసిక వైద్యానిదో, సంతానం కోసం చేసే చికిత్సదో అయితే ఆ కుటుంబం పడే ఇబ్బంది చెప్పనక్కర్లేదు. మనది చిన్న సంఘం. ఇక్కడ ఒక ముఖం బయటపడితే ఒక ఇంటి గుట్టు బయటపడ్డట్టే.

అందుచేత సెలవురోజున ఫోటోలు పెట్టుకోండి. రోగి స్థానంలో సిబ్బందినో, ఇంట్లోవారినో కూర్చోబెట్టండి. వారి సంతకమూ తీసుకోండి. కాని వారి బొమ్మ కింద "మా దగ్గర నయమైంది" అని మాత్రం రాయకండి, అది అబద్ధం. కెమెరా రాకముందు గదులన్నీ ఒకసారి తిరిగి చూడండి. బల్ల మీద ఫైళ్ళు, గోడ మీద పేర్లు రాసిన బోర్డు, వెలుగుతున్న కంప్యూటరు, ఎక్స్‌రే మూలనున్న పేరు, ఇవన్నీ కెమెరాకు చిక్కుతాయి.

డబ్బిచ్చాం కనుక ఫోటోలు మనవే అనుకోవడం పొరపాటు. 1976 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బయటినుంచి పిలిచిన ఫోటోగ్రాఫరు హక్కు రాసి ఇస్తే తప్ప సాధారణంగా అది అతనిదే. ఎక్కడెక్కడ, ఎన్నేళ్ళు వాడుకోవచ్చో ముందే కాగితం మీద పెట్టించుకోండి.

చివరగా ఒక మాట. పేరు కుదించుకోమనీ, బొట్టు తీసేయమనీ సలహాలిచ్చేవారు ఉంటారు. గుంటూరులోనో, కర్నూలులోనో, వరంగల్లులోనో చదివి వచ్చిన డిగ్రీ గోడ మీద ఉండగా దాచుకోవలసినదేమీ లేదు. ఫోటోలో చూసిన మనిషే గదిలో ఎదురైతే రోగికి సగం భయం పోతుంది. మన ముఖం మనమెంతైనా చూపించుకోవచ్చు. రోగి ముఖాన్ని దాచడం మాత్రం మన వృత్తిలో భాగం.