మాట నేర్పితే చాలదు, చోటు కావాలి

'యువతలో నాయకత్వ లక్షణాలు పెంపొందించడం' అనే మాట ప్రభుత్వ పథకాల్లోనూ, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు నివేదికల్లోనూ, కాలేజీ కరపత్రాల్లోనూ ఒకే తీరుగా వినిపిస్తోంది. రెండు రోజుల శిబిరం, కొన్ని ఆటలు, గోడకి అంటించిన చార్టులు, ఆత్మవిశ్వాసం మీద ఒక ఉపన్యాసం, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. పల్లెటూరి ఆడపిల్లల్లో ఏదో లోపం ఉందనీ, దాన్ని సవరిస్తే వాళ్ళు ఊరి వ్యవహారాల్లోకి వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారనీ ఈ శిక్షణల వెనక ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం తప్పని నా వాదన. లోపం ఆడపిల్లలో లేదు, వాళ్ళని రానివ్వని ఊళ్ళో ఉంది.

నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లి, ఆర్మూర్ ప్రాంతాన్నే తీసుకుందాం. పసుపు పంటకి పేరుమోసిన నేల ఇది. పసుపు తవ్వాక కొమ్ములు విరిచేదీ, ఏరేదీ, ఆరబోసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. అయినా 'పసుపు రైతు' అనగానే మన కళ్ళముందు మగవాడే నిలబడతాడు. బీడీలు చుట్టడం ఈ జిల్లాలో వేలాది ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని. తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తూ పెరిగిన పిల్ల, లెక్క తేల్చుకోవడం కమీషన్‌దారు దగ్గరే నేర్చుకుంటుంది. మగవాళ్ళు గల్ఫ్ దేశాలకి పోయిన ఇళ్ళల్లో అప్పులవాళ్ళకి జవాబు చెప్పేదీ, బ్యాంకుకి తిరిగేదీ, మోసం చేసిన ఏజెంటుని నిలదీసేదీ భార్యలూ కూతుళ్ళూ. వీళ్ళకి మనం 'సమయ నిర్వహణ', 'సమస్యా పరిష్కారం' నేర్పడానికి బయలుదేరుతున్నాం!

ఈ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా గుర్తు చేసుకోవాలి. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠశాలల కోసం పది జీవన నైపుణ్యాలని వివరించింది. 2010లో కేంద్ర ప్రభుత్వం కిశోర బాలికల కోసం తెచ్చిన 'సబల' పథకంలో జీవన నైపుణ్యాల శిక్షణ ఒక భాగమైంది. ఈ నైపుణ్యాలు పనికిరానివని నేననడం లేదు. నలుగురిలో మాట్లాడగలగడం, 'వద్దు' అనగలగడం ఏ ఆడపిల్లకైనా అవసరమే. కానీ ఆమె ఎవరి ముందు మాట్లాడాలి, ఎవరికి వద్దని చెప్పాలి అన్న ప్రశ్న వచ్చేసరికి ఈ శిక్షణలు మౌనం వహిస్తాయి.

ఆ ప్రశ్నకి ఈ ప్రాంతంలో సూటి జవాబుంది. అది గ్రామాభివృద్ధి కమిటీ. చట్టంలో దీనికి చోటు లేదు. దీన్ని ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. భూమీ బలగమూ ఉన్న కులాల మగపెద్దల మాటే అందులో చెల్లుతుంది. బెల్టు షాపు వేలం, కల్లు వేలం, తగాదాల తీర్పు, జరిమానా, అన్నీ దాని చేతిలోనే. ఎదురు తిరిగిన కుటుంబాన్ని, కొన్నిసార్లు మొత్తం కులాన్నే, వెలివేస్తారు. కిరాణా కొట్టు సరుకివ్వదు, ఆటో ఎక్కించుకోదు, పలకరించినవాళ్ళకీ జరిమానా. నీళ్ళు, సరుకులు తెచ్చి ఇల్లు గడపాల్సింది ఆడవాళ్ళు కాబట్టి వెలి భారం మొదట పడేది వాళ్ళమీదే. ఆ తీర్పు చెప్పిన చోట మాత్రం వాళ్ళు ఉండరు.

'పంచాయతీలో రిజర్వేషన్లు ఉన్నాయి కదా' అంటారు. ఉన్నాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి మూడోవంతు స్థానాలిచ్చింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సగం ఇచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన అమ్మాయి సర్పంచ్‌గా పోటీ చేయవచ్చు. అయితే ఎన్నికలొచ్చినప్పుడల్లా సర్పంచ్ పదవిని వేలం వేసి 'ఏకగ్రీవం' చేసిన ఊళ్ళ వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. వేలం పాడేది మగవాడు, నామినేషన్ మీద సంతకం భార్యది. అటువంటి ఊళ్ళో మన సర్టిఫికెట్ పట్టుకున్న అమ్మాయి ఏం చేయాలి? చిరునవ్వుతో 'సానుకూల దృక్పథం' అలవరచుకోవాలా?

యువజన సంఘాల సంగతీ అంతే. 'యువత' అనే మాటకి లింగం లేనట్టు రాసుకుంటాం. ఊళ్ళోకి వచ్చేసరికి యువజన సంఘమంటే గణేశ్ మండపం, క్రికెట్ జట్టు, చందాల పుస్తకం. ఇవాళ చందా వసూలు చేసే కుర్రాడికి రేపు కమిటీలో కుర్చీ సిద్ధంగా ఉంటుంది. అదే వయసు అమ్మాయికి పెళ్ళి సంబంధం సిద్ధంగా ఉంటుంది. తండ్రుల అధికారాన్ని కొడుకులకి అప్పగించే ఏర్పాటుకి నాయకత్వ వికాసమని పేరు పెట్టలేం.

నాయకత్వం ఎలా పుడుతుందో మన చరిత్రే చెప్పింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు దిద్దడానికి రాత్రి బడికి వచ్చారు. సారా మీద పాఠాలు చదివి, తమ బతుకుల గురించి తాము మాట్లాడుకున్నారు. బడిలోంచి లేచి సారా దుకాణం దగ్గరికి నడిచారు. వాళ్ళతో మొదలైన ఉద్యమం వల్ల 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించడం వేరే కథ. వాళ్ళకెవరూ వ్యక్తిత్వ వికాసం నేర్పలేదు. కలిసి కూర్చునే చోటు, తమ బతుకు గురించిన పాఠం, పక్కన నిలబడే మనుషులు దొరికారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు పోటీకి దిగి దేశం దృష్టిని పసుపువైపు తిప్పింది కూడా ఏ శిబిరంలోనో శిక్షణ పొంది కాదు.

అందుకే, స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న మనం ముందుగా మన శిక్షణల్ని మార్చుకోవాలి. ఆడపిల్లలకి గ్రామసభ నోటీసు చదవడం, పంచాయతీ జమాఖర్చులు అడగడం, 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం నేర్పుదాం. నేర్పి ఊరుకోకుండా గ్రామసభకి వాళ్ళతోపాటు వెళ్దాం. బీడీ కార్ఖానాలో కూలి లెక్క, పి.ఎఫ్. లెక్క అడిగించుదాం. ఎస్సీ, ఎస్టీలని సామాజికంగా వెలివేయడం, 2015 సవరణ తర్వాత అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఈ విషయం ప్రతి అమ్మాయికీ తెలియాలి. ఇతర కులాలకీ రక్షణ ఉండేలా, మహారాష్ట్ర 2016లో చేసిన సామాజిక బహిష్కరణ నిరోధక చట్టం వంటిది ఇక్కడా కావాలని పోరాడాలి.

ఇంకో మాట. ఊరినెదిరించి మాట్లాడిన అమ్మాయి ఆ సాయంత్రం ఇంటికి పోవాలి. ఇంట్లో తిట్లు, ఊళ్ళో నిందలు, వెలి బెదిరింపు ఆమె ఒక్కతే మోయాలా? ప్రాజెక్టు గడువు ముగిసిందని మనం సర్దుకుపోతే ఆమెకి మనం నేర్పిన ధైర్యమే ప్రమాదమవుతుంది. వెనక సంఘాన్ని నిలబెట్టలేనివాళ్ళకి ఆడపిల్లని ముందుకు తొయ్యడానికి హక్కు లేదు.

డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలు అక్కడ పీజీలు చదువుతున్నారు. చదువుకీ నోటికీ కొదవ లేదు. సాయంత్రం ఊరికి తిరిగి వెళ్ళాక వాళ్ళ మాట చెల్లే చోటు ఎక్కడుందన్నదే ప్రశ్న. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న లెక్క ఇకనైనా పక్కన పెడదాం. ఎన్ని ఊళ్ళల్లో ఆడపిల్ల నిలబడి లెక్క అడిగింది, అడిగాక ఆమె పక్కన ఎందరు నిలిచారు? మన నివేదికల్లో రాయాల్సిన లెక్క అదీ.