ముందు ప్లగ్గులు విప్పండి

మన వైపు మెకానిక్ షెడ్లలో అన్నింటికన్నా చవకగా దొరికేది ఒక మాట: "ఇంజను సీజైపోయింది సార్". ఏళ్ళ తరబడి కదలని పాత కారు బానెట్టు ఎత్తుతారు, తాళంచెవి ఒకసారి తిప్పుతారు, లోపల 'టక్'మన్న చప్పుడు వింటారు, చేతులు తుడుచుకుంటూ ఆ మాట అనేస్తారు. ఇక ఇంజను దింపడం, రీబోరు, కొత్త పిస్టన్లు. అంత ఖర్చు భరించలేకపోతే గుజిరీ కొట్టు. నాడి చూడకుండానే పాడె కట్టమనే వైద్యుణ్ణి మనం గుమ్మం ఎక్కనివ్వము. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల ఊపి, డబ్బు లెక్కపెట్టుకుంటాము.

ఇది కోపంతో రాస్తున్న టపా అని ముందే ఒప్పుకుంటున్నాను. హిందూపురంలో నా మిత్రుడి తండ్రిగారి అంబాసిడర్ ఒకటి ఉండేది. 1489 సి.సి. పెట్రోలు ఇంజను. పెద్దాయన పోయాక కొన్నేళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. బాగు చేయిద్దామని మిత్రుడు ఒక మెకానిక్కును పిలిచాడు. ఆయన సెల్ఫు కొట్టి చూశాడు, తిరగలేదు. సీజు అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. ట్రాక్టరుకు మోకు కట్టించి, టాప్ గేరులో పెట్టి, కారు కదలగానే క్లచ్చు వదిలాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించిందట. తరువాత విప్పి చూస్తే మూడో సిలిండరులో తుప్పు నీళ్ళు, వంగిన కనెక్టింగ్ రాడ్డు, పగిలిన పిస్టను. హెడ్డు గ్యాస్కెట్టు దగ్గర రేడియేటరు నీరు కొద్దికొద్దిగా దిగి ఆ సిలిండరులో నిలిచింది. పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. పైకి వచ్చే పిస్టను ఆ నీటిని తాకి ఆగిపోయింది, అంతే. అంటే ఆ ఇంజను సీజు కానే లేదు. నాలుగు ప్లగ్గులు విప్పి చేత్తో తిప్పి ఉంటే నీళ్ళు ప్లగ్గు కన్నంలోంచి చిమ్మి బయట పడేవి. పది నిమిషాల పని. ఇంజనును చంపింది ఆ పరీక్షే.

పాత అంబాసిడర్లకు ముందు బంపరులోంచి దూర్చి తిప్పే ఇనుప హ్యాండిల్ ఉండేది గుర్తుందా? దాన్ని మించిన పరికరం ఈ రోగానికి లేదు. గేరు న్యూట్రల్లో ఉంచి, ప్లగ్గులు తీసి, హ్యాండిల్ వేసి మెల్లగా తిప్పాలి. కొంత తిరిగి ఒకే చోట గట్టిగా ఆగుతోందంటే ఏదో అడ్డు ఉన్నట్టు. వెంట్రుకవాసి కూడా కదలకపోతే అప్పుడు తుప్పును అనుమానించాలి. చక్కగా తిరుగుతోందంటే రోగం ఇంజనులో లేనే లేదు. బ్యాటరీనో, స్టార్టరునో, వెనుక చక్రాలనో చూసుకోవాలి.

ధర్మవరంలో ఇంకో అంబాసిడరుకూ ఇదే తీర్పు పడింది. తీరా చూస్తే స్టార్టరు పినియను ఫ్లైవీలు పళ్ళలో ఇరుక్కుని ఉంది. ఇగ్నిషను ఆపి, టాప్ గేరులో పెట్టి కారును వెనక్కి నెట్టారు. విడిపోయింది.

అసలు కారే కదలకపోతే 'డిఫరెన్షియల్ పట్టేసింది' అంటారు. వెనుక భాగం జాకీ మీద ఎత్తి చక్రాలు తిప్పి చూసే ఓపిక ఉండదు. ఎక్కువసార్లు అది డ్రమ్ముకు అతుక్కుపోయిన బ్రేకు షూ. అనుమానం తీరకపోతే డిఫరెన్షియల్ దగ్గర ప్రొపెల్లరు షాఫ్టు నాలుగు బోల్టులు ఊడదీస్తే చాలు, దోషం ముందుందో వెనుక ఉందో తేలిపోతుంది.

నిజమైన సీజు ఉండదని నేననడం లేదు. నూనె లేకుండానో నీళ్ళు లేకుండానో నడిపి రోడ్డు మీదే ఆగిపోయిన ఇంజనుకు విప్పడం తప్పదు. చల్లారాక తిరిగినా లోపల గోడలు గీరుకుపోయి ఉంటాయి. నిలబెట్టినందువల్ల తుప్పు పట్టినది వేరే జాతి. ప్లగ్గు కన్నాల్లో డీజిలు పోసి రోజుల తరబడి నాననివ్వాలి. వాల్వులు కూడా పట్టేసి ఉండవచ్చు కాబట్టి రాకరు షాఫ్టు ముందే తీసేయాలి, లేకపోతే పుష్ రాడ్లు వంగుతాయి. ఆ తరువాత అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించాలి. కదిలాక సంపులో చేరిన డీజిలుతో సహా నూనె మార్చాలి. ఇందులో విద్య కన్నా ఓపిక ఎక్కువ కావాలి. మన షెడ్లలో కరువైంది అదే.

దీనికి జవాబుగా "కుర్రాళ్ళకు పాత బండ్లు ఏం తెలుసు" అంటారు. నిజమే, ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. స్కానరు తగిలిస్తే దోషం సంఖ్య తెర మీద కనిపించే కాలంలో పెరిగిన పిల్లవాడు హ్యాండిల్ ఎక్కడ చూస్తాడు? కానీ ఆ ట్రాక్టరు కట్టించినాయనకు అరవై దాటాయి. అంబాసిడర్ల మీదే బతికినవాడు.

మరొక జవాబులో కొంత న్యాయం ఉంది: చూసినందుకు ఎవరూ డబ్బులివ్వరు, విప్పినందుకే ఇస్తారు. ఒప్పుకుంటాను. ఆ తప్పు మనది. రెండు గంటలు పరీక్షించి "ఏమీ లేదు, బ్రేకు పట్టింది" అన్నవాడికి టీ డబ్బులతో సరిపెడతాము, ఇంజను దింపినవాడికి వేలు చెల్లిస్తాము.

మిత్రుడికి ఇప్పుడు డీజిలు ఇంజను బిగించుకోమని సలహా ఇస్తున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న వాహనాన్నే వింటేజిగా నమోదు చేస్తారు. వాళ్ళ నాన్నగారి కారుకు 50 నిండడానికి మూడేళ్ళే ఉంది. ఇంజను మార్చాక ఏ ముఖంతో అడగాలి?

నా మాట తప్పనే మెకానిక్కులు ఎవరైనా ఉంటే రమ్మనండి. ప్లగ్గు స్పానరు నేనే తెస్తాను.