వానాకాలంలో తోలుకు నీడ కావాలి, మరి తోలు తెలిసిన మనిషికి?

వాన మొదలవగానే బెజవాడలో రెండు దృశ్యాలు ఒకేసారి కనిపిస్తాయి. బైకుల మీద వెళ్తున్నవాళ్ళు బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కిందికి చేరతారు. ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టే మనిషి మాత్రం గొడుగు ముడిచి, ఆరె, రంపె, మైనం దారం పెట్టెలో సర్దుకుని లేచిపోతాడు. వాన వెలిసేసరికి బైకు కుర్రాడి తోలు జాకెట్టు, గ్లోవ్స్, బూట్లు నానిపోయి ఉంటాయి. వాటిని ఏం చేయాలో తెలిసిన మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకుని ఇంటి దారి పట్టి ఉంటాడు. తోలుకు అతని అవసరం ఎక్కువయ్యే కాలంలోనే అతనికి పని ఉండదు.

బెజవాడ ఎండల్లో తోలు జాకెట్టు ఎవరు వేసుకుంటారని నవ్వేవాళ్ళుంటారు. నిజమే, వేసుకునేవాళ్ళు కొద్దిమందే. ఆదివారం పొద్దున్నే బుల్లెట్ల మీద హంసలదీవికో, హైదరాబాద్ రోడ్డు మీదికో బయల్దేరే కుర్రాళ్ళు వాళ్ళు. కానీ తోలు బూటు, గ్లోవ్స్, బెల్టు, బండికి వేలాడే సంచి చాలామందికి ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ వెంటనే అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఏడాదిలో సగం రోజులు గాలిలో తేమ ఉండే ఈ డెల్టాలో తోలు నిలవాలంటే దాని సంగతి తెలియాలి.

తడిసిన తోలుకు ఏం చేయాలి

తోలు ప్లాస్టిక్ కాదు. నీటిని కొంతసేపు ఆపుతుంది, తర్వాత పీల్చుకుంటుంది. అందుకే వానలో బండి నడిపేటప్పుడు తోలు జాకెట్టు మీద రెయిన్‌కోటు వేసుకోవాలి. జాకెట్టు పని వాన ఆపడం కాదు, కింద పడి రోడ్డు మీద జారినప్పుడు ఒంటి చర్మాన్ని కాపాడటం.

తడిసి ఇంటికొచ్చాక చాలామంది చేసే తప్పు ఒకటే. త్వరగా ఆరాలని ఎండలో వేస్తారు, పొయ్యి పక్కన పెడతారు, వేడి సైలెన్సర్ దగ్గర ఆరేస్తారు. తోలు మెత్తగా ఉండటానికి కారణం దాని నారల మధ్య పట్టి ఉన్న నూనె. నీరు లోపలికి చేరి, వేడికి వేగంగా బయటికి పోయేటప్పుడు ఆ నూనె తన చోటు వదిలేస్తుంది. నారలు ఒకదానికొకటి అంటుకుని గట్టిపడతాయి. రెండుమూడు సార్లు ఇలా ఆరిన జాకెట్టు అట్టలా తయారై, మోచేతి మడత దగ్గర పగులుతుంది.

పద్ధతి సులువైనదే. ముందు బురదను తడిగుడ్డతో తుడవాలి, తర్వాత పొడి నూలుగుడ్డతో నీటిని అద్దాలి. జేబులు ఖాళీ చేసి, జిప్పులన్నీ తెరిచి, వెడల్పాటి హ్యాంగరుకు వేలాడదీయాలి. సన్న తీగ హ్యాంగరుకు వేస్తే తడి బరువుకు భుజాలు సాగిపోతాయి. బూట్లలో, గ్లోవ్స్‌లో పాత పేపరు కుక్కి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. ఫ్యాను గాలి చాలు, ఒకటి రెండు రోజులు పట్టినా ఓపిక పట్టాలి. చివర్లో ఇంకా కాస్త చెమ్మ ఉండగానే లెదర్ కండిషనరు పలుచగా పట్టించాలి. ఎక్కువ పూస్తే మంచిదనుకోవద్దు. మిగిలిన జిడ్డుకు దుమ్ము అంటుతుంది, బూజు పడుతుంది.

బూజు పట్టిన జాకెట్టును ఇంట్లో దులపకూడదు. బయటికి తీసుకెళ్ళి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడవాలి. వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డ తడిపి మరోసారి తుడిచి నీడలో ఆరనివ్వాలి. పాలిథిన్ కవరులో మూసిపెడితే లోపలి చెమ్మే మళ్ళీ బూజు పెంచుతుంది. పాత దుప్పటి ముక్కతో కుట్టిన సంచి చాలు.

ఇక అసలైన విషయం కుట్టు. రోడ్డు మీద పడినప్పుడు తోలు చిరగకముందే కుట్టు తెగితే ఆ జాకెట్టు ఉన్నా లేనట్టే. తడిసి ఆరి మళ్ళీ తడిసే నూలు దారం లోపల్లోపలే పుచ్చిపోతుంది. భుజం, మోచేయి, చంక దగ్గర కుట్టును ఏటా వానల ముందు లాగి చూడాలి. వదులైతే మైనం పట్టించిన గట్టి దారంతో మళ్ళీ కుట్టించాలి. ఆ పని చేసే మనిషి షోరూములో దొరకడు, ఫుట్‌పాత్ మీద దొరుకుతాడు. మీ దగ్గరున్నది తోలో రెక్సినో కూడా అతనే వేలితో తడిమి చెప్పేస్తాడు. తోలు పేరుతో అమ్మే చాలా జాకెట్లు రెక్సినువే. వాటి పై పొర తేమకు పొలుసులుగా రాలిపోతుంది. దానికి ఏ నూనే మందు కాదు.

ఈ తెలివి ఎక్కడిది?

పైన చెప్పిన సంగతులు ఇప్పుడు వీడియోల్లో దొరుకుతాయి, సీసాల మీద అచ్చవుతాయి. కానీ తోలును తడిలో బతికించే విద్య ఈ నేల మీద మాదిగపల్లెలో పుట్టింది. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. కుళ్ళిపోవాల్సిన చర్మాన్ని ఏళ్ళ తరబడి నిలిచే వస్తువుగా మార్చడం రసాయన శాస్త్రం. మెట్ట ప్రాంతాల్లో మోట బావి నుంచి రోజంతా నీళ్ళు తోడిన తోలు బొక్కెన వాళ్ళు కుట్టిందే. తడికి వదులైన డప్పును వరిగడ్డి మంట దగ్గర ఎంతసేపు, ఎంత దూరంలో కాచాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. చేతికే తెలుసు. బురదలో నడిచే రైతు కిర్రు చెప్పులకు ఆముదం పట్టించిందీ ఆ చేతులే.

దానికి దక్కిన ప్రతిఫలం కళ్ళంలో కొలిచిన గింజలు, చచ్చిన పశువును మోసే బాధ్యత. ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టినవాడు అగ్రకులాల వీధిలోకి వస్తే తన చెప్పులు చేత పట్టుకుని నడవాలి. వానలో తోలు పాడవుతుందని చెప్పులు చేత పట్టుకునేవాళ్ళు ఉంటారు. ఎండలోనూ పట్టుకుని నడవాల్సి వచ్చింది మాత్రం మనవాళ్ళే.

ఇదే డెల్టాలో, తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో యలవర్తి నాయుడమ్మ పుట్టారు. రైతు కుటుంబం నుంచి వచ్చి తోలు శాస్త్రవేత్త అయ్యారు. 1948లో మద్రాసులో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా పనిచేసి, ప్రపంచం మెచ్చుకునే స్థాయికి తెచ్చారు. అంటరాని పని అనుకున్నదాన్ని ప్రయోగశాలలోకి తీసుకెళ్ళిన ఆయన కృషిని తక్కువ చేయలేం. అయితే ప్రయోగశాలలోకి వెళ్ళిన తోలు విజ్ఞానం గౌరవం పొందింది, లంద దగ్గర ఉండిపోయిన మనిషికి ఆ గౌరవం రాలేదు. తోలు ముట్టుకోవడంలో మైల ఉంటే అది అందరికీ ఉండాలి. డిగ్రీ ఉన్న చేతికి లేని మైల ఆరె పట్టిన చేతికి ఎలా వచ్చింది?

ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు వలిచినందుకు దళిత యువకులను బట్టలూడదీసి కొట్టారు. నెల తిరక్కముందే, ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను చెట్టుకు కట్టి కొట్టారు. ఒంటి మీది తోలు జాకెట్టును ఏ గోరక్షకుడూ ప్రశ్నించడు. తోలు వలిచిన చెయ్యి మాత్రం నేరస్థుడిదైపోతుంది.

బుడమేరు చూపించిన నిజం

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద కిందికి వెళ్ళింది. మునిగిన కాలనీల్లో రోజుకూలీలు, డెలివరీ కుర్రాళ్ళు, వీధి వ్యాపారులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ప్రభుత్వం ఆ నెలలోనే సాయం ప్రకటించింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేలు, ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేలు, కిరాణా వంటి చిన్న దుకాణానికి 25 వేలు.

ఈ లెక్కను చెప్పులు కుట్టే మనిషి వైపు నుంచి చూడండి. నీళ్ళలో మునిగిన బైకుకు ఆర్‌సీ ఉంది. దుకాణానికి డోర్ నంబరు, కరెంటు మీటరు ఉన్నాయి. గొడుగు కింద పెట్టెకు ఏముంది? అందులోని తోలు ముక్కలు, బంక డబ్బా, సోళ్ళు, పనిముట్లు కొట్టుకుపోతే ఏ కాగితం చూపించి అడగాలి? సొంత ఇల్లు లేక అద్దెకుండేవాడు ఇంటి సాయం దగ్గరా సతమతమవుతాడు. వరద అందరినీ ముంచుతుంది, సాయం మాత్రం కాగితం ఉన్నవాడి దగ్గరికి ముందు చేరుతుంది.

కాగితం మీద ఉన్నాడు, ఫుట్‌పాత్ మీద లేడు

చట్టాలు లేవని కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం సరుకు అమ్మేవారితో పాటు సేవలు అందించేవారినీ వీధి వ్యాపారులుగానే గుర్తించింది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలంది. 2020లో వచ్చిన పీఎం స్వనిధి పథకం చెప్పులు కుట్టేవారిని పేరుపెట్టి చేర్చింది. మొదటి విడత రుణం అప్పట్లో 10 వేలు, 2025లో 15 వేలకు పెంచారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ జాబితాలోని 18 వృత్తుల్లో చర్మకారులు ఉన్నారు. పనిముట్లకు 15 వేలు ఇస్తామన్నారు. రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద సంప్రదాయ చర్మకారులకు 2024 జూలై నుంచి నెలకు 4 వేల పెన్షన్ ఉంది.

వీటిలో ఏదీ వాన ఆపదు. పనిముట్లు ఇచ్చి వాటితో కూర్చోవడానికి చోటివ్వకపోతే, అప్పిచ్చి ఏడాదిలో సగం రోజులు పని సాగే నీడ ఇవ్వకపోతే ఆ రుణం కిస్తీల భారమే అవుతుంది.

పీఎం విశ్వకర్మతో మరో పేచీ కూడా ఉంది. తరతరాల కుటుంబ వృత్తిని, గురుశిష్య పరంపరను బలపరచడం తన లక్ష్యమని ఆ పథకం చెప్పుకుంటుంది. కులం అంటే శ్రమను పంచుకోవడం కాదు, శ్రమ చేసేవాళ్ళను విభజించడం అని అంబేడ్కర్ ఎప్పుడో తేల్చారు. మాదిగ బిడ్డ ఆరె పట్టనంటే అది అతని హక్కు. ఇంజనీరు అవుతాడో, అదే బుల్లెట్ కొనుక్కుంటాడో అతని ఇష్టం. మనం అడుగుతున్నది కులవృత్తిని కాపాడమని కాదు. ఇవాళ ఆ పని చేస్తున్న మనిషికి కార్మికుడిగా గౌరవం, గిట్టుబాటు, నీడ ఇవ్వమని. ఆ పని నేర్చుకోవాలనుకునేవాడు ఏ కులంవాడైనా రావచ్చు, వదలాలనుకునేవాడికి మరో దారి తెరిచి ఉండాలి.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతాలుగా పంచింది. చదువులో, ఉద్యోగంలో వాటా తేలింది. ఉద్యోగం దాకా రాలేని ఫుట్‌పాత్ మనిషి వాటా ఇంకా తేలలేదు.

చేయాల్సినవి పెద్దవేం కావు. బస్టాండు, బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు వంటి చోట్ల పైకప్పు, ఎత్తు గట్టు ఉన్న చిన్న బంకులు చర్మకారుల పేరున కేటాయించాలి. ప్రతి ఒక్కరికీ వెండింగ్ సర్టిఫికెట్ ఇచ్చి, వరద నష్టం అంచనా వేసేటప్పుడు దాన్నే రుజువుగా తీసుకోవాలి. 1973 నుంచి ఉన్న లిడ్‌క్యాప్, పాత చెప్పులతో పాటు రైడింగ్ జాకెట్లు, బూట్ల మరమ్మతులోనూ శిక్షణ ఇవ్వాలి. షోరూములో వేల రూపాయలు పెట్టి కొన్న జాకెట్టుకు చేతికుట్టు వేసినవాడికి పదిరూపాయల నాణెం విసిరే రోజులు పోవాలి.

బైకుల మీద తిరిగే మన కుర్రాళ్ళకూ ఒక మాట. ఈసారి జాకెట్టు తడిసినప్పుడు నీడలో ఆరేయండి, ఎండలో వేయొద్దు. ఆరాక కుట్టు చూపించడానికి మీ వీధి మలుపులోని పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. బేరం ఆడకండి. వాన పడితే ఆయన ఎక్కడ కూర్చుంటాడో కూడా అడగండి. దానికి జవాబు చెప్పాల్సింది ఆయన కాదు, మున్సిపల్ కార్పొరేషన్.