వెలుగు సరే.. విషం మాటేమిటి?
సీసం, కాడ్మియం లేని ఎల్‌ఈడీ పదార్థాలపైనే ఆశలు

శేరిలింగంపల్లి: 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైటెక్ సిటీకి రాత్రి, పగలు తేడా చెరిగిపోయింది. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా కార్యాలయాలు, రహదారులు నేడు ఎల్‌ఈడీ కాంతిలో మెరుస్తున్నాయి. 2017లో జీహెచ్‌ఎంసీ ఈఈఎస్‌ఎల్‌తో కలిసి చేపట్టిన పథకం కింద నగరవ్యాప్తంగా నాలుగు లక్షలకు పైగా వీధిదీపాలను మార్చారు. ఎల్‌ఈడీతో కరెంటు ఆదా అవుతుంది. పాడైన దీపాలు ఎక్కడికి చేరతాయన్నదే ప్రశ్న.

పాదరసం పోయినా..
ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లోని పాదరసం ఎల్‌ఈడీలో లేదు. నీలికాంతినిచ్చే గాలియం నైట్రైడ్ చిప్‌పై సీరియం కలిపిన పసుపు పదార్థాన్ని పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. ఇంతవరకు పెద్ద ప్రమాదం లేదు. అయితే కొన్నింటి టంకంలో సీసం, కొన్ని ఎరుపు దీపాల్లో ఆర్సెనిక్ ఉంటాయి. తక్కువ కాంతినిచ్చే ఎరుపు ఎల్‌ఈడీల్లో సీసం తమ రాష్ట్ర పరిమితికి 8 రెట్ల వరకు ఉందని 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు.

కొత్త పదార్థాలు.. పాత చిక్కు
స్వచ్ఛమైన రంగులనిచ్చే క్వాంటమ్ డాట్లకు 2023లో నోబెల్ దక్కింది. వాటిలో బాగా రాణించిన రకాలు కాడ్మియంతో చేసినవే. తక్కువ ఖర్చుతో తయారయ్యే పెరోవ్‌స్కైట్ స్ఫటికాలకు సీసమే ప్రాణం. తేమ తగిలితే ఇవి విచ్ఛిన్నమై సీసం నీటిలోకి చేరే అవకాశముంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగం ఈ స్ఫటికాల గుణాలను లోతుగా అధ్యయనం చేసింది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. కాడ్మియం స్థానంలో ఇండియం ఫాస్ఫైడ్ ఇప్పటికే టీవీ తెరల్లోకి వచ్చింది. కానీ ఇండియం అరుదైన లోహం. సీసానికి బదులు తగరం వాడితే గాలి తగిలి త్వరగా చెడిపోతుంది. కార్బన్ డాట్లు చౌక, విషరహితం. వాటితో గాఢమైన ఎరుపు కాంతిని సమర్థంగా రాబట్టడమే కష్టం.

నిబంధన ఉంది.. నిఘా కావాలి
2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు సీసాన్ని 0.1 శాతానికి, కాడ్మియాన్ని 0.01 శాతానికి పరిమితం చేశాయి. ఇలాంటి పరీక్షలకు చర్లపల్లిలోని సీ-మెట్‌లో ప్రయోగశాల ఉంది. దీపాలు కొనేటప్పుడే పరీక్ష పత్రం అడగాలి, పాడైనవాటిని సరఫరాదారే వెనక్కి తీసుకోవాలన్న షరతు టెండరులో ఉండాలి. అప్పుడే విషరహిత పదార్థాలకు గిరాకీ పుట్టి, పరిశోధన ప్రయోగశాల గడప దాటుతుంది. పరిశ్రమలు వచ్చి స్థిరపడ్డాక కాలుష్యంపై మేల్కొంటే ఏమవుతుందో పటాన్‌చెరు దిగువన నక్కవాగు దశాబ్దాల కిందటే చూపించింది.