చార్మినార్ చూసి వచ్చేస్తే చాలునా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లోని మన కుటుంబాలు హైదరాబాదు వెళ్ళని ఏడాది ఉండదు. పెళ్ళి బట్టలకో, ఆసుపత్రి పనికో, బంధువుల ఇంటికో వెళ్తాము. చార్మినార్ ముందు ఒక ఫోటో, లాడ్ బజారులో గాజులు, సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణం. ఏం చూశారని పిల్లల్ని అడిగితే 'చార్మినార్' అంటారు. అంతకు మించి మాట రాదు. తప్పు పిల్లలది కాదు, చెప్పవలసిన మనం చెప్పలేదు.

కిందటి చలికాలం మేము కొందరు విద్యార్థులను కామారెడ్డిలో రైలెక్కించి తీసుకువెళ్ళాము. కాచిగూడలో దిగి, మూసీ దాటి దారుల్‌షిఫా చేరాము. ఏడో తరగతి పిల్లవాడొకడు ఆ పేరుకు అర్థం అడిగాడు. "రోగం నయమయ్యే ఇల్లు" అన్నాము. "మరి ఆసుపత్రి ఏది సార్?" అన్నాడు. 1595లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా అక్కడ యునానీ వైద్యశాల కట్టించాడనీ, హకీములు వైద్యం చేస్తూనే విద్యార్థులకు ఆ విద్య నేర్పేవారనీ చెప్పాము. వాడి ముఖం వెలిగిపోయింది.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా దూరం వెంటాడింది. మన పిల్లలకు ఉర్దూ చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఇంట్లో మాట్లాడతారు, గోడమీది అక్షరం చదవలేరు. ముందు ఉర్దూ నేర్పండి, చరిత్ర తర్వాత అని కొందరు పెద్దలంటారు. నేర్పవలసిందే, ముప్పై ఏళ్ళుగా మేము చేస్తున్న పని అదే. కాని అది వచ్చేదాకా కథ ఆగాలా? పిల్లవాడు బడిలో చదివేది తెలుగులో. తెలుగులోనే చెబుదాం. అందువల్ల ఉర్దూకు వచ్చే లోటేమీ లేదు.

ఆ రోజు పురానాపూల్ కూడా చూపించాము. అది 1578 నాటి వంతెన. చార్మినార్ 1591లో వచ్చింది. అంటే నగరం కంటే ముందు వంతెన వచ్చిందన్నమాట! పిల్లలు దీన్ని ఎంతకూ నమ్మలేదు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు నూటయాభై మందికి పైగా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

అక్కడే ఒకమ్మాయి, "మన నిజాంసాగర్ కూడా అప్పటిదేనా సార్?" అంది. అప్పుడు సిగ్గుపడవలసింది మేమే. నగరం చూపించడానికి నూరు కిలోమీటర్లు దాటి వెళ్ళాము గాని, ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఉన్న నిజాంసాగర్ గురించి ఒక్క పాఠమైనా చెప్పలేదు. మంజీరా మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. ఆ నీళ్ళు బాన్సువాడ, బోధన్ పొలాలకు పారాయి. అందుకోసం నలభై ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వాటి పేర్లు, ఎవరు ఎక్కడికి తరలిపోయారన్న సంగతులు కొన్ని ఇళ్ళలో నానమ్మల నోటనే మిగిలాయి.

తిరిగి వచ్చాక బడిలో ఒక నోటుబుక్కు పెట్టాము. ఇంట్లో పెద్దల్ని అడిగి, మునిగిన ఊరి సంగతి ఏది తెలిసినా పిల్లలు తెలుగులో రాసి తెస్తున్నారు. ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి.